మూడు నాగాల అర్జీ

అది 2018, వానాకాలం. గోదావరిఖనిలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. ఒక టేబుల్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు క్యాలెండర్. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. మొన్న మీరు ఫోన్లో "అమ్మమ్మా, అక్కడ మ్యూచువల్ ఫండ్లు ఎవరు కొనేవాళ్లు?" అని నవ్వారు కదా. రాజమల్లు కొనేవాడు పిల్లలూ. అతని సంగతి చెబుతాను.

మొదట్లో నేను పోస్టాఫీసు ఆర్‌డీ ఏజెంటును. గొడుగు పట్టుకుని కాలనీల్లో క్వార్టర్ క్వార్టర్‌కూ తిరిగేదాన్ని. బొగ్గుల పొయ్యి పొగలో నిలబడి తాగిన చాయ్ రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది. తర్వాత పరీక్ష రాసి మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్‌నయ్యాను. చాలామంది డబ్బును ఒకచోట చేర్చి, ఆ పని తెలిసిన మేనేజర్ షేర్లలోనో బాండ్లలోనో పెడతాడు, అదే మ్యూచువల్ ఫండ్. మనం కట్టినదానికి ఆనాటి ధర ప్రకారం యూనిట్లు వస్తాయి. ఒక యూనిట్ ధరను ఎన్ఏవీ అంటారు. అది పెరుగుతుంది, తగ్గుతుంది. నెలనెలా ఒకే మొత్తం కట్టుకుంటూ పోతే సిప్. ధర తగ్గిన నెలలో అదే డబ్బుకు ఎక్కువ యూనిట్లు వస్తాయి.

షిఫ్టు దిగి అలసిపోయి వచ్చిన మనిషికి ఇదంతా ఎలా ఎక్కుతుంది? అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. గనిలో హాజరును మస్టర్ అంటారు. చెప్పకుండా డ్యూటీ ఎగ్గొడితే అది నాగా. నాగాలు మరీ ఎక్కువైతే పేరు కొట్టేస్తారు, నౌకరీ పోతుంది. ఆ భయం తెలియని ఇల్లు ఇక్కడ లేదు. "సిప్ అంటే మస్టర్ లెక్కనే. నాగా పెట్టద్దు" అనేదాన్ని. వెంటనే అర్థమైపోయేది. ఆ మాట కనిపెట్టినందుకు లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

రాజమల్లు గనిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. కూతురు స్రవంతి చదువు కోసం ఐదేళ్లుగా నెలకు రెండు వేలు సిప్ కడుతున్నాడు. ప్రతి పదో తారీఖున బ్యాంకు తనంతట తానే డబ్బు పంపుతుంది. అయినా షిఫ్టు దిగి, కళ్ల చుట్టూ కాటుకలా బొగ్గుధూళి ఉండగానే వచ్చి గేటు దగ్గర నిలబడి అడిగేవాడు.

"అక్కా, నా మస్టర్ పడ్డదా?"

"పడ్డది. చాయ్ తాగి పో."

"వద్దక్క, కుర్చీలు ఖరాబైతయి."

ఆ ఏడు మీ పిన్ని కాన్పు కోసం నేను మూడు నెలలు పుణెలో ఉన్నాను. తిరిగి వచ్చిన మర్నాడే రాజమల్లు, అతని భార్య సమ్మక్క వచ్చారు. అతను బాగా చిక్కిపోయాడు. నడుం పట్టేసి డ్యూటీకి పోలేదట. లీవులన్నీ అయిపోయి, బ్యాంకులో డబ్బు లేక మూడు నెలలు సిప్ వెళ్లలేదు. ఒక ప్లాస్టిక్ కవరు రెండు చేతులతో టేబుల్ మీద పెట్టాడు. అందులో దవాఖాన ఇచ్చిన సిక్ సర్టిఫికెట్ ఉంది. దాని కింద గీతల కాగితం మీద అర్జీ.

"గౌరవనీయులైన మ్యూచువల్ ఫండ్ మేనేజర్ గారికి. అయ్యా, నడుము నొప్పి వలన మూడు నాగాలు అయినవి. దయతో ఒక్క అవకాశం ఇచ్చి నా పేరు తిరిగి చేర్చుకోగలరు."

"ఇదేంది రాజమల్లూ?"

"పేరు కొట్టేసిండ్రు గదక్క. ఫోన్ల మెసేజ్ అచ్చింది. పక్క క్వార్టరాయన సదివి చెప్పిండు, సిప్ క్యాన్సిల్ అయిందట. ఐదేండ్ల పైసలు పాయె."

సమ్మక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "నెల సంది నాకు చెప్పనే లేదక్క. పిల్లకు నర్సింగుల సీటు అచ్చింది. శనివారం లోపట ఫీజు కట్టాలె. ఊళ్ల ఉన్న ఎకరం పొలం అమ్ముతడట. ఇయ్యాల పొద్దుమీకి బయానా పైసలు తీస్కుంటనంటే అప్పుడు బయటపడ్డది."

"మునగ్గొట్టింది నేను. నేనే కట్టాలె గద" అన్నాడు రాజమల్లు నేల చూస్తూ.

"పైసలు పోయినయని ఎవరు చెప్పిండ్రు నీకు?"

అతను ఆశ్చర్యంగా తలెత్తాడు. "నువ్వే గదక్క. మస్టర్ లెక్కనే అంటివి."

ఐదేళ్లు ఆ మనిషి నా మాటనే పట్టుకుని ఉన్నాడు. ఆ మాటే అతని పొలం మీదికి తెచ్చింది.

కంప్యూటర్లోంచి అతని స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి ముందు పెట్టాను. సిప్ క్యాన్సిల్ అంటే ఇక నెలనెలా డబ్బు తీసుకోరని, అంతే. కొన్న యూనిట్లు ఎక్కడికీ పోవు. ఖాతాలో డబ్బు లేనందుకు బ్యాంకు వేసిన బౌన్స్ ఛార్జీలు మాత్రమే నష్టం. ఇది చెప్పినా అతని ముఖంలో నమ్మకం కనిపించలేదు.

"రాజమల్లూ, ఇన్ని రోజులు డ్యూటీకి పోలేదు గద. అంతకు ముందు చేసిన మస్టర్ల జీతం వాపస్ ఇయ్యమన్నరా?"

"గదెట్లంటరక్క? చేసిన పని చేసినట్టే గద."

"గిది గూడ గంతే. కట్టినదానికి కొన్న యూనిట్లు నీ పేరు మీదనే ఉన్నయి."

అప్పుడే బ్లాస్టింగ్ జరిగి గిన్నెలు మోగాయి. అతను ఆ స్టేట్‌మెంట్ మీద తన పేరును వేలితో తడిమాడు. ఐదేళ్లలో మొదటిసారి మా కుర్చీలో కూర్చున్నాడు.

"అర్జీలు రాసుడు అస్తది గని, అక్కకు ఒక్క ఫోన్ జేసుడు రాదు ఈ మనిషికి" అంది సమ్మక్క, ఏడుస్తూ నవ్వుతూ.

పొలం కొంటానన్న ఆయనకు అక్కడి నుంచే ఫోన్ చేశాడు. "కాకా, పొలం అమ్ముత లేను. ఏమనుకోకు."

ఆ వారం మార్కెట్ కొంచెం దిగి ఉంది. అయినా కట్టినదానికన్నా ఎక్కువే కనిపించింది. ఫీజుకు సరిపడా యూనిట్లకే రిడెంప్షన్ ఫారం నింపాను. అంటే యూనిట్లు వెనక్కి ఇచ్చి డబ్బు తీసుకోవడం. సోమవారం ఇచ్చాము, గురువారానికి అతని ఖాతాలో పడింది. శుక్రవారం ఫీజు కట్టేశారు.

"మళ్ల డ్యూటీలకు తీస్కుంటరా అక్క?" అని అడిగాడు వెళ్తూ వెళ్తూ. ముందు నడుం బాగు చేసుకొమ్మని, జీతం సరిగా పడ్డాక ఒక ఫారం నింపితే సిప్ మళ్లీ మొదలవుతుందని చెప్పాను. అర్జీ మాత్రం నేనే అడిగి ఉంచుకున్నాను. ఇప్పటికీ నా ఫైల్లో మొదటి కాగితం అదే.

మీరు ఒక్క వేలితో సిప్ మొదలుపెడతారు, ఒక్క వేలితో ఆపుతారు. మీకు ఇది వింతగా ఉండొచ్చు. డబ్బు ఎలా పెట్టాలో అందరికీ చెప్పాను కానీ, పెట్టలేని నెల వస్తే ఏమవుతుందో నేను ఎవరికీ చెప్పలేదు. కష్టం వచ్చిన మనిషికి కావలసింది ఆ రెండో సంగతే. ఆ వారమే పాత రిజిస్టరు తీసి, మస్టర్ మాట చెప్పిన ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్లాను.

స్రవంతి ఇప్పుడు నర్సు. రాజమల్లు రిటైరయ్యాడు. అప్పుడప్పుడు తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని వస్తాడు. నేను ఫారం తీసి నోరు తెరిచేలోపే అడ్డుపడతాడు.

"ఆగక్కా. నాగా పడితే ఏమైతదో ముందుగాల చెప్పు. కట్టుడు ముచ్చట తర్వాత."