మాత్రల అట్టలకు పడిన దెబ్బలు

ఇనుప పైపు నా కోడలి మణికట్టు మీద పడినప్పుడు ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. ఆ పిల్ల అరవలేదు. పక్కన ఉన్నవాళ్లు అరిచారు.

కోడలు పెనుకొండ సర్కారు ఆసుపత్రిలో మందులిచ్చే ఫార్మసిస్టు. పని సర్కారుది, జీతమిచ్చేది మధ్యలో ఒక ఏజెన్సీ. ఏడాదికొకసారి కాంట్రాక్టు కాగితం కొత్తగా రాయాలి. ఈసారి రాసేది లేదన్నారు. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ఫార్మసిస్టులంతా యూనియన్‌గా వెళ్లి అడిగితే, "బిళ్లలిచ్చేదానికి ఎవురైనా చాలు. మీరు పోతే ఏడ్చే జనం యాడుండారు?" అన్నాడు మేనేజరు.

జనం ఉన్నారని చూపించాల్సి వచ్చింది. కాగితం మీద సంతకమంటే మావాళ్లకు భయం. ఎవరి అప్పు తమ నెత్తిన పడుతుందోనని చెయ్యి వెనక్కి లాక్కుంటారు. అందుకని, "మేమిచ్చిన మాత్రల ఖాళీ అట్ట తెచ్చియ్యండి, అదే మీ మద్దతు" అన్నారు యూనియన్‌వాళ్లు. నేను ధర్మవరం మగ్గాల ఇళ్లు తిరిగాను. ముదిగుబ్బ బస్సుల్లో అడిగాను. బియ్యం సంచుల కుట్టు విప్పి, ఆ దారంతో దండలు గుచ్చాను.

ఖాళీ అట్ట ఎవరింట్లో ఉంటుంది? అయిపోగానే పొయ్యిలో పడేస్తారు. ఇంట్లో ఉండేవి సగం మింగినవే. జ్వరం తగ్గగానే మాత్రలు ఆపి, మళ్లీ పనికొస్తాయని డబ్బాలో దాచుకుంటారు. అడిగితే అవే తెచ్చి ఇచ్చారు. కాదంటే ఎట్లా? వాటినీ గుచ్చాను.

హిందూపురంలో ఏజెన్సీ ఆఫీసు ముందు షామియానా వేసి, ఆ దండలు వరసగా కట్టారు. లోపల యూనియన్‌వాళ్లతో కాంట్రాక్టు మాటలు మొదలుకావాలి. మేనేజరు బయటికొచ్చి ఒక అట్ట పట్టి చూశాడు. దాని మీద సర్కారు సరఫరా, అమ్మకానికి కాదు అని అచ్చు ఉంది. లోపల మాత్రలున్నాయి.

"దొంగ నా కొడుకులు! సర్కారు మందులు ఎత్తకొచ్చి తోరణాలు కట్టినార్రా!" అన్నాడు.

పోలీసులకు ఫోను చేశాడు. వాళ్లు వచ్చేలోపే అతని మనుషులు పైపులతో దిగారు. గుంజలు పీకేశారు. గుడ్డ కింద చిక్కినవాళ్లను గుడ్డ మీదనే తన్నారు. ధర్మవరం పిల్లవాడొకడికి చెవి పగిలి, చొక్కా అంతా నెత్తురు. నా కోడలు దండలు పట్టుకుని వదల్లేదు. పైపు దాని చేతి మీద పడింది. కొట్టినవాడు రెండోసారి ఎత్తాడు. షామియానా గూటం ఒకటి నా చేతికి దొరికింది. వాడి మోకాలి చిప్ప మీద కొట్టాను. వాడు కూలబడ్డాక కూడా ఇంకొకటి వేశాను. జాలి పడలేదు. ఇప్పుడూ పడటం లేదు.

ఎస్సై వచ్చాడు. అట్టలిచ్చి మద్దతుకొచ్చిన జనమంతా రోడ్డుకు అవతల, షట్టర్లు దించిన అంగళ్ల ముందు నిలబడిపోయారు.

"ఈ మాత్రలు యాడివి? చెప్పకుంటే అందరి మీదా దొంగతనం కేసే" అన్నాడు.

కేసు పడితే కాంట్రాక్టు మాట అక్కడితో ఆఖరు. మేనేజరు మీసం దువ్వుకుంటున్నాడు. రోడ్డు అవతల ఎవరూ కదల్లేదు.

పరుపులు కుట్టే సాయిబు ఒకాయన మొదట రోడ్డు దాటాడు. ముసలాయన. దండలో ఒక అట్ట పట్టుకున్నాడు.

"ఇది నాది సార్. షుగరుది. ఎనకాల రెండు గీతలుండాయి చూడు, రెండు పూట్లా మింగల్లని. ఆ మందులిచ్చే పాప గీసిందే."

ఆయన వెనకే ఒక గొర్లకాపరి ఆడమనిషి వచ్చింది. "ఇది నాది. జొరానిది."

నేలమీద చెయ్యి పట్టుకుని కూర్చున్న నా కోడలు తలెత్తింది. "ఐదు దినాలు మింగమంటి గదమ్మా! నాలుగు అట్నే ఉండాయే?"

"తగ్గినాంక ఎందుకు మింగల్ల? కడుపులో మంట."

"మంటని నాకు చెప్పల్ల గదా! అన్నం తిని మింగమని చెప్తి గదా!"

"ఇంగ తిట్టొద్దులేమ్మా. చెయ్యి ఇరిగినా నోరు ఇరగలే నీకు."

ఒక కానిస్టేబులు నవ్వేశాడు. ఆ తర్వాత మగ్గాలవాళ్లు, కూలోళ్లు ఒక్కొక్కరే దాటి వచ్చారు. ఎవరి అట్ట వాళ్లు పట్టుకుని నిలబడ్డారు. తెగిపడినవి నేలమీద నుంచి ఏరుకున్నారు. ఎస్సై కాసేపు చూసి మేనేజరు వైపు తిరిగాడు. "యాడ దొంగతనమప్పా ఇది? ముందు ఆ పైపులు ఈడ పెట్టించు."

మాటలు మధ్యాహ్నం మొదలయ్యాయి. ఆసుపత్రికి పోదామంటే కోడలు రాలేదు. చేతిని అట్టపెట్టె ముక్కకు కట్టుకుని లోపలికి పోయింది. నేను మెట్ల మీద కూర్చున్నాను. ఎవరో టీ ఇచ్చారు, తాగబుద్ధి కాలేదు. పొద్దు వాలే వేళకు బయటికొచ్చింది. చెయ్యి వాచి నల్లబడింది.

"రాసినారా?"

"రాసినారత్తా. అందరికీ. ఒక ఏడాదికి."

"ఏడాదికొక చెయ్యి లెక్కనా?"

అది వాచిన చేతిని ఎత్తి పట్టుకుని మెట్లు దిగింది. ఎముకల డాక్టరు దగ్గరికి ఆటో పిలిచాను. ఆటోవాడు అడిగినదానికి బేరం ఆడకుండా ఎక్కించాను.