బూజు పట్టిన విత్తనం

మొన్న గద్వాల మార్కెట్ యార్డులో ఎవరో పల్లికాయ సంచి తిరగేసి దులిపారు. ముక్కిపోయిన దుమ్ము వాసన గుప్పుమంది. ఫోన్‌లో మాట్లాడుతున్నదాన్ని మాట మధ్యలోనే ఆపి, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్కకు జరిగాను. నాకైతే ఆ దుమ్ము వల్ల వచ్చే ప్రమాదమేమీ లేదు. కానీ ఆ వాసన తగిలితే చాలు, సుశీలత్త దగ్గు వినిపిస్తుంది.

ఆమె నాన్నకు అక్క. ధరూర్ దగ్గరి పల్లెలో పత్తి, పల్లీ పండించే ఇల్లు అత్తామామలది. రక్త క్యాన్సర్ అని తేలాక హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉండి కీమో చేయించుకునేది. దవాఖానకు తోడు వెళ్ళే పని నాది. లైన్‌లో ఎవరైనా ముందుకు దూరితే నేను గొడవకు దిగేదాన్ని. "నీ ఫోన్ కన్న నువ్వే జల్ది గరమైతవ్ బిడ్డా, జర సల్లవడు" అనేది అత్త. దూరినవాడు కూడా నవ్వేసి వెనక్కి జరిగేవాడు.

రెండో కీమో అయ్యాక కొన్నాళ్ళు ఊరికి వెళ్ళింది. ఒంట్లో తెల్లకణాలు బాగా పడిపోతాయి, జాగ్రత్త అని చెప్పి పంపారు డాక్టర్. మామ నీళ్ళు కాచి ఇచ్చాడు, చూడవచ్చిన చుట్టాలను వాకిట్లోంచే పంపేశాడు. కానీ అది యాసంగి పల్లీ విత్తే కాలం. ఆ ఇంట్లో విత్తనం కాయ ఒలవడం అత్త చేత్తోనే మొదలవ్వాలి. ఆమె చెయ్యి పడితే మొలక తప్పదని నమ్మకం. మంచం పట్టిన మనిషికి హుషారు వస్తుందని మామే సంచి తెచ్చి ముందు పెట్టాడు. ఆ సంగతి సంబరంగా నాకు ఫోన్ చేసి చెప్పాడు కూడా. సంచి అడుగున చెమ్మ తగిలి కాయలకు నల్లగా బూజు పట్టింది. "ఇత్తనానికి మొకం జూపియ్యకుంటె ఎట్ల?" అని అత్త మాస్కు తీసేసి, బూజు ఊదుకుంటూ మంచి కాయ ఏరింది. రోగం చుట్టాలతో వస్తుందని, నీళ్ళతో వస్తుందని అందరికీ తెలుసు. విత్తనంతో వస్తుందని ఎవరికి తోస్తుంది?

జ్వరం, దగ్గు, ఛాతీలో నొప్పి మొదలయ్యాక మామ ఆమెను హైదరాబాద్ తీసుకొచ్చాడు. స్కానింగ్ చూసి, ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరిందన్నారు డాక్టర్. అలాంటి బూజును రోజూ అందరమూ పీలుస్తామట, ఆరోగ్యంగా ఉన్న ఒళ్ళు దాన్ని అణిచేస్తుందట. "దుమ్ములో, పాత గింజల దగ్గర కూర్చున్నారా?" అని అడిగారు. మామ ముఖం పాలిపోయింది. నేను నోరు తెరిచేలోపే అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నేనే మొండికేసి ఒలిసిన సార్. మా ఇంటాయన వద్దనే అన్నడు."

మామ మందులకు వెళ్ళగానే నేను అరిచాను. "అబద్ధమెందుకు చెప్పావత్తా? ఆయన వల్లే కదా!"

"తెలిసి వెట్టిండా? ఆయన్ని తిడితె నా ఛాతిల నొప్పి తగ్గుతదా? నేను పోయినా ఆయన పల్లీ ఏసుకునే బతకాలె. ఏటేటా సంచి ఇప్పినప్పుడల్లా, నేనే సంపిన అనుకుంట ఇత్తాల్నా?"

ఫంగస్‌కు మందు వారాల తరబడి నరంలోకి ఎక్కించారు. అది అదుపులోకి వచ్చేదాకా కీమో ఆపాల్సి వచ్చింది. క్యాన్సర్ మాత్రం ఆగలేదు. ఆ పల్లీ పీకకముందే అత్త పోయింది.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక మామ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "ఆ సంచి తెచ్చింది నేనే. నీకు తెల్సు. ఇంత కోపమున్న పిల్లవు, నన్నొక్క మాటన్నా ఎందుకనకపోతివి?"

కోపం నాలో అప్పటికీ ఉంది, ఇప్పటికీ ఉంది. అయితే అది వచ్చినప్పుడు, ఎదుటి మనిషి రేపు ఎలా బతకాలన్నది కూడా చూడటం అత్త నాకు నేర్పి పోయింది.

"ఒలిచేటప్పుడు అత్త ఏమంది మామా?" అని అడిగాను.

"ఏమంటది? నువ్వు ఏరితె సగం పుచ్చులే ఉంటయ్, దూరం జరుగు అని నన్ను ఎల్లగొట్టింది" అని మామ నవ్వాడు. ఆమె పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. నా చేతిలో ఫోన్ మోగసాగింది. ఎత్తకుండా, ఇంకా చెప్పమన్నట్టు మామ వైపు తిరిగి కూర్చున్నాను.