చిన్నమ్మ కాపలా

మొన్న కోరుట్లలో చర్చి మీదుగా వస్తుంటే, కొత్తగా మతంలో చేరబోయే పెద్దవాళ్లు ఆరుబయట కూర్చుని పాఠం వింటున్నారు. వాళ్ల వెనక ఒకావిడ చేతులు కట్టుకుని, ఎవరినీ నమ్మని ముఖంతో కూర్చుంది. మా చిన్నమ్మ గుర్తొచ్చి నవ్వాగలేదు.

మా నాన్న తమ్ముడు, చిన్నాయన, మస్కట్ నుంచి తిరిగొచ్చిన ఏడాది అది. కోరుట్ల పక్క ఇబ్రహీంపట్నం వైపు మా ఊళ్లో పసుపు వేసినవాళ్లంతా దెబ్బతిని, మగవాళ్లు ఒకరి వెనక ఒకరు గల్ఫ్ బాట పట్టిన రోజులు. కల్లుగీత వదిలి పోయిన చిన్నాయన సగమై వచ్చాడు. వచ్చిన కొన్నాళ్లకే "నేను చర్చిల కలుస్త" అన్నాడు. ఏం ఆశ చూపారోనని ఊరు గుసగుసలాడింది. చిన్నమ్మది వేరే లెక్క. మస్కట్లో ఎవరో చర్చికి పోయే నర్సమ్మ ఉందనీ, ఆమె కోసమే ఈ వేషమనీ తేల్చేసుకుంది. ఆయన పెట్టెలోని సబ్బు వాసన చూసి కూడా అనుమానించింది.

వింతేమిటంటే కోరుట్ల చర్చి ఫాదర్‌కూ అనుమానమే. ఆయనది గుంటూరు వైపు. అడగ్గానే జ్ఞానస్నానం ఇచ్చేస్తారనుకుని వెళ్లిన చిన్నాయనతో, "తొందరేముంది? పెద్దవాళ్లకు మా దగ్గర పద్ధతి ఇది. ఈస్టర్ దాకా ప్రతి ఆదివారం వచ్చి పాఠాలు విను. అప్పటికీ మనసుంటే చూద్దాం" అన్నాడు. చిన్నాయన ముఖం చిన్నబోయింది.

మరుసటి ఆదివారం చిన్నమ్మ కూడా బస్సెక్కింది, పెద్ద బొట్టు పెట్టుకుని, డిగ్రీ చదువుతున్న నన్ను తోడు తీసుకుని. ఉపదేశి పాఠం చెబుతుంటే ఆమె చిన్నాయన ఎటు చూస్తున్నాడో చూసేది. "గీళ్లదిగూడ పూజనేనంటనే" అని నా చెవిలో గొణిగేది. అట్లా వానలు వెళ్లి చలి వచ్చింది.

ఒక ఆదివారం ఫాదర్ అందరి ముందే అడిగాడు. "అసలు నువ్వెందుకు చేరాలనుకుంటున్నావు?"

చిన్నాయన లేచి నిలబడ్డాడు. "క్యాంపుల జరమచ్చి పడిపోయిన, ఫాదర్. బతుకుతననుకోలె. కంపెనోడు పట్టించుకోలె. పక్క మంచం కేరళాయన గంజి తాపిండు, నా గుడ్డలు పిండిండు, నా పక్కన మోకాళ్ల మీద కూసోని దండం పెట్టుకున్నడు. నాది ఏ కులమని అడగలె. గాయనకు గంత ఓపిక ఎక్కడికెల్లి అచ్చిందో తెల్సుకుందామని అచ్చిన."

వెనక నుంచి చిన్నమ్మ లేచింది. "సావుదాక పోయినవా? ఫోన్ల మంచిగున్న అంటివి గదా!"

"భయపడ్తవని చెప్పలె."

"గిప్పుడు భయపడ్తలేనా?" అని అక్కడే కూలబడి ఏడ్చింది. ఫాదర్ ఆ రోజుకు పాఠం ఆపేశాడు.

ఈస్టర్‌కు చిన్నాయన నెత్తిన నీళ్లు పోశారు. చిన్నమ్మ ముందు వరుసలోంచి లేచి ఆయన తల కొంగుతో తుడిచింది. తను మాత్రం చేరలేదు. ఇంకా అనుమానమేనా అని ఫాదర్ నవ్వుతూ అడిగితే, "మీ మీద లేదు ఫాదరూ. గీయన మీదనే. ఇంకేమేం దాచిండో" అంది.

ఆ దాచినవన్నీ ఆ తర్వాత కొంచెం కొంచెంగా అడిగి తెలుసుకుంది. మనిషి ఒక్క పూటలో విమానమెక్కి వచ్చేస్తాడు. దూరంలో ఒంటరిగా గడిపిన కాలం ఇల్లు చేరడానికే ఏళ్లు పడుతుంది.