అమ్మ రిపోర్టు ఎవరెవరు చూశారంటే

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది మేం ముగ్గురు స్నేహితురాళ్ళం కలిసి ఒక ప్రాజెక్టు చేశాం. రోగుల రిపోర్టులను బ్లాక్‌చెయిన్‌లో భద్రంగా పెట్టడం. ఒకే చిట్టా చాలా కంప్యూటర్లలో ఉంటుంది. రోగి ఒప్పుకున్నవాళ్ళే రిపోర్టు తెరవగలరు. తెరిచిన ప్రతిసారీ వాళ్ళ పేరూ టైమూ అందులో పడతాయి. పడ్డాక చెరపడం ఎవరి తరమూ కాదు. అది మొదటిసారి పనిచేసిన రోజు ల్యాబులో గంతులేశాం. నాకైతే వరంగల్ మొత్తానికీ మిర్చి బజ్జీలు పంచాలనిపించింది.

మా మొదటి పేషెంటు మా అమ్మ. గాల్ బ్లాడర్‌లో రాళ్ళున్నాయి, ఆపరేషన్ చేయాలన్నారు. అమ్మకు ఆపరేషన్ అంటే భయం లేదు. దిగులంతా నర్సంపేటలో ఉండే చెల్లెలి గురించే. మా అక్క పెళ్ళికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదని, ఫోన్‌లో చెప్పి ఊరుకున్నామని చిన్నమ్మ అలిగింది. మూడేళ్ళుగా మాటల్లేవు.

"అది ఒక్క మాట మాట్లాడితే చాలు బిడ్డా, నవ్వుకుంటనే పోత ఆపరేషన్‌కు" అనేది అమ్మ. తను మాత్రం ఫోన్ చేయదు. అంత పంతం!

రిపోర్టు ఎవరు చూడొచ్చో ఫోన్‌లో నొక్కమన్నాను. డాక్టరు ఒక్కరు చాలు. అమ్మ ముప్పై ఒక్క మందికి నొక్కింది. మేనమామలు, వియ్యాలవారు, పాలు పోసే ఆయన, చివరికి చిన్నమ్మ కూడా. అందరి ఫోన్లకూ లింకు పోయింది.

"అమ్మా, ఇది దాచిపెట్టే ప్రాజెక్టే!"

"పానం బాగలేదని చెప్పకుంటే మమ్ముల పరాయోళ్ళను చేసిండ్రని నిష్ఠూరమాడరా?"

మా ప్రాజెక్టు సారు ఆ జాబితా చూసి తల పట్టుకున్నారు. నాకు నవ్వాగలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున, దవాఖాన మంచం మీద కూర్చుని అమ్మ నాతో చిట్టా చదివించుకుంది. రిపోర్టు తెరిచినవాళ్ళు పరామర్శకు వచ్చినట్టేనట; ఎవరొచ్చారో, ఎవరు రాలేదో లెక్క తేల్చుకోవాలట. పెద్ద మామయ్య ఒకసారి చూశాడు. వియ్యపురాలు తెరవనే లేదు. "సూసినవా ఆమె వేషాలు!" అంది అమ్మ. చిన్నమ్మ దగ్గరికి వచ్చేసరికి లెక్క రెండోసారి చూసుకున్నాను. నిన్నటి నుంచి పద్నాలుగు సార్లు!

అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని చెల్లెలికి కొట్టింది, స్పీకర్ పెట్టి మరీ.

"ఏమే, నా రిపోర్టు పద్నాలుగు సార్లు సూసినవంట?"

"నేనెందుకు సూస్త?"

"అబద్ధమాడకు. నా బిడ్డ చేసింది, అండ్ల పడ్డది చెరగదు."

ప్రాజెక్టుకు మార్కులు రాకపోయినా సరే, చిన్నమ్మ ఫోన్ పెట్టేయకుంటే చాలనుకున్నాను.

"అండ్లంత ఇంగ్లీషే ఉన్నదక్కా" అంది చిన్నమ్మ, ఏడుస్తూ. "ఒక్క ముక్క సమజ్ కాలే. ఏడన్న మంచిగున్నదని రాసిన్రేమోనని మల్ల మల్ల తెరిచిన. బస్సెక్కుతాన. నేనొచ్చేదాంక లోపలికి పోకు."

ఇంకో గంట ఆగగలరా అని అడగడానికి నేను డాక్టరు గారి గదికి పరుగెత్తాను.