సగం రసగుల్లా

గురవమ్మకి షుగరొచ్చిందని తెలిసిన రోజు బెంగాల్లో రోడ్లు ఊడ్చేవాళ్ళుండే ఏక్‌బాల్‌పూర్ కార్పొరేషన్ లైన్లలో అందరూ సంబరపడ్డారు. ఒకరికి జబ్బుచేస్తే సంబరమేమిటని మీకు అనిపించవచ్చు. అక్కడి లెక్క వేరు. రోడ్లు ఊడ్చే మనిషి రిటైరయ్యేదాకా గట్టిగా ఉంటే చివర్లో ఒక దండ, ఒక గొడుగు ఇచ్చి పంపుతారు. మధ్యలోనే డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తే మాత్రం ఆ పర్మినెంటు పని కొడుక్కి వస్తుంది. ఆ లైన్లలో ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ అది.

గురవమ్మకి ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉంది. ముప్ఫయ్యేళ్ళ కొడుకు వెంకటేశు, పిల్లలు గలవాడు, ఓడరేవు డాక్‌లో పని పోయి దొరికిన కూలి చేసుకుంటున్నాడు. మూడు నెలల తర్వాత మళ్ళీ రక్తం చూస్తామన్నారు. అప్పటికీ షుగరు దిగకపోతే అన్‌ఫిట్టే.

"నీ అదృష్టం బాగుందే గురవమ్మా. ఇంకేటి, ఇంటికాడ కూకుని తిను" అంది జగ్గమ్మ. ఇద్దరూ ఇరవయ్యేళ్ళుగా ఒకే రోడ్డు ఊడుస్తున్నారు.

"నాకేటి తక్కువైందే? సేతులాడతన్నాయి, కాళ్ళాడతన్నాయి. సచ్చినోల్లకి మల్లే మూల కూకోమంటావేటి?" అని లేచింది గురవమ్మ.

లేవదా మరి? మొగుడు పోయిన నాటినుంచి ఆవిడని నిలబెట్టింది ఆ చీపురే. తెల్లారి ఐదింటికి రోడ్డెక్కిందంటే దుకాణాలవాళ్ళు కూడా పక్కకి తప్పుకునేవాళ్ళు. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికిన మనిషిని పట్టుకుని, నీకు రోగమొచ్చింది, సంతోషించు అంటే ఒళ్ళు మండదూ?

ఎలాగైనా షుగరు దించాలని పంతం పట్టి ఆ రోజునుంచి అన్నం ముట్టడం మానేసింది. నెల తిరిగాక చూపిస్తే షుగరు దిగలేదు సరికదా, ఇంకా పెరిగింది.

"ఏం తింటున్నావు మాసీ?" అని బెంగాలీలో అడిగాడు డాక్టరుబాబు. అక్కడ పెద్దావిడ ఎవరైనా మాసీయే, అంటే పిన్నే.

"ఏటీ తింటంనేదు బాబూ. పొద్దున్న మురీలు, మజ్జానం మురీలు, రేతిరికీ మురీలే."

"మురీలు దేంతో చేస్తారు?"

మురీలంటే మరమరాలే, అవీ బియ్యంతో చేసేవే. మన శ్రీకాకుళం వాళ్ళకి కంచంలో వేడన్నం పొగలు కక్కితేనే తిండి. మరమరాలని తిండి కింద ఎవరు జమకట్టారు? పాపం, రోజుకో డబ్బాడు నమిలేసింది.

ఆయన మంచివాడు, నవ్వలేదు. "ఏదీ మానకు. మానేసినవాళ్ళే మర్నాడు మీదపడి తింటారు. అన్నం ఒక్క గిన్నె తిను, కూర ఎక్కువ వేసుకో. టీ రెండుసార్లు తాగు, పంచదార సగానికి తగ్గించు. మిఠాయి ఎప్పుడైనా కొంచెం. ఏదైనా కొలతలో ఉండాలి, అంతే" అన్నాడు.

ఈ మాట గురవమ్మకి తెగ నచ్చింది. అన్నానికో చిన్న గిన్నె పెట్టుకుంది. ఎండుచేపల పులుసు ఎంత ఘుమఘుమలాడినా మారు వడ్డించుకోలేదు.

సరిగ్గా అప్పుడే వెంకటేశు రోజూ సాయంత్రం రసగుల్లాల ముంత తేవడం మొదలుపెట్టాడు. బుద్ధెరిగాక తల్లికి ఒక ఆకూవక్కా తెచ్చిన పాపాన పోనివాడు! గురవమ్మ మురిసిపోయి మొదటిరోజు మూడు తింది, రెండోరోజు నాలుగు. కొడుకు ప్రేమకి కొలత పెట్టడం ఏ తల్లికి చేతనవుతుంది?

వారం పోయాక జగ్గమ్మే ఉండబట్టలేక అడిగేసింది. "ఓలే, నీ కొడుక్కి నీ మీద ఇంత పేమ ఎప్పుడు పుట్టిందే? షుగరు రాకముందా, వొచ్చినాకా?"

గురవమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. నడిరోడ్డు మీదే ఏడ్చేసింది. తర్వాత ముక్కు చీదుకుని, మిగిలిన రోడ్డంతా ఊడ్చి ఇంటికి పోయింది.

ఆ సాయంత్రం ముంత రాగానే ఒక రసగుల్లా తీసి రెండుగా చేసింది. సగం ముక్క కళ్ళు మూసుకుని, రుచంతా నాలుక మీద ఆడించి మరీ తింది. ముంత కొడుకు ముందుకి తోసింది.

"ఇంక నువ్వు తినురా."

"నాకొద్దే అమ్మా. నీకోసం తెచ్చాను."

"తెచ్చినోడివి తినాల. పారీమంటావేటి?"

తినక చస్తాడా? ఇవాళైనా తింటుందని వాడు రోజూ తెస్తూనే ఉన్నాడు. ఆవిడ ముట్టలేదు, ఎదురుగా కూర్చుని వాడిచేతే తినిపించింది. ఆదివారం వస్తే మాత్రం తన సగం ముక్క తను తినేది. ఒకటిన్నర నెలకి బొజ్జ వచ్చింది వెంకటేశుకి. లైన్లలో జనం పడీపడీ నవ్వారు.

మూడో నెల రక్తం చూసి "ఫిట్" అని రాశారు.

"ఏం మానేశావు మాసీ?" అన్నాడు డాక్టరుబాబు.

"ఏటీ మాన్నేదు బాబూ. అన్నీ తిన్నాను. నా నోరు, నా ఇష్టం, నా కొలత!" అని కాగితం పుచ్చుకుని బయటికొచ్చింది.

గేటు దగ్గర వెంకటేశు నిలబడి ఉన్నాడు. తల్లి మొహం చూడగానే వాడికి సంగతి తెలిసిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మూడేళ్ళు పోతే నీకూ పనుండదు, నాకూ రాదు. నా పిల్లలేటైపోవాలే అమ్మా?"

గురవమ్మకి జాలేసింది. కానీ కోపం జాలికన్నా పెద్దది.

"నీకు పని కావాలని నాకు తెల్దేటిరా? అమ్మా, నీ పని నాకిచ్చీ అని నోరు తెరిచి ఒక్కపాలి అడిగుంటే, నా నడుం ఒంగడంనేదు బాబూ అని డాట్రుబాబుతో నానే సెప్పి ఇచ్చీసుందును. నువ్వు నన్నడగనేదు. నా జబ్బునడిగావు."

మర్నాడు ఐదింటికల్లా గురవమ్మ డ్యూటీకి వెళ్ళింది. ఆ మూడేళ్ళూ ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు.