సున్నాలు నింపని చోటు

"మా పాప ఫిట్స్ వివరాలన్నీ పోయాయా? సాయంత్రం డాక్టరుగారికి ఏం చూపించను?"

కంప్యూటర్ గది గుమ్మంలో నిలబడి అడిగింది త్రిపురసుందరి. చెప్పులు బయట విడవడం కూడా మరిచిపోయింది. గుంటూరులో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. రెండేళ్ల కూతురికి ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ తేదీ, వేళ, ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసి, మర్నాడు కాలేజీ సర్వర్లోకి ఎక్కించి, కాగితం పారేసేది. ఆ రోజు పాత మార్కుల ఫైళ్లు తీసేస్తూ పొరపాటున ఆ వివరాల ఫైలునీ తీసేసింది.

ఆపరేటర్ క్రీస్తుదాసు లేచాడు. ఎనభై తొమ్మిది ఏప్రిల్ ఎండకి ఊరంతా చెమటలు కక్కుతుంటే ఏసీ గదిలో స్వెట్టర్ వేసుకుని కూర్చునే మనిషి. వాడరేవు నుంచి వచ్చి ఏడేళ్లయింది. సెలవుల్లో కూడా ఆ గుమ్మం బయట ఒక జత చెప్పులు కనబడేవి, ఆయనవే.

"ఊరికే తీసేశారా, దానిమీద సున్నాలు నింపి పూర్తిగా చెరిపేశారా మేడమ్?"

"తీసేశానంతే."

"అయితే ఉంటదండి. సర్వర్ పేరు కొట్టేసి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటది. ఇంకొకరిది వచ్చి దానిమీద పడేదాకా లోపలిది అట్నే ఉంటది." వెనక్కి తిరిగి కేకేశాడు. "ఒరేయ్, ఎవరూ ఏదీ సేవ్ చెయ్యొద్దు! లేవండి!"

"నా ప్రోగ్రాం పోద్ది సార్!" అన్నాడొక విద్యార్థి.

"పోనీరా, అది ఎట్లాగూ పనిచెయ్యదుగా!"

కేబుళ్లు పీకేశాడు. "ఆ ఫైల్లో తప్ప ఇంకెక్కడా ఉండని మాట చెప్పండి."

"పున్నమ్మ. మా అత్తగారి పేరే పాపకి పెట్టాం."

డిస్కులో ఖాళీ అని రాసున్న ఒక్కో ముక్కా తెరిచి, ఆ పేరు కోసం గంటన్నర వెతికాడు. దొరికింది. ఫిబ్రవరిలో ఒక వారం ఉండాల్సిన చోట మాత్రం ఎవరివో కెమిస్ట్రీ మార్కులు. ఆ వారం సుందరికి గుర్తే, మూడుసార్లు వచ్చాయి.

ప్రింటర్ కదులుతుంటే దానివైపే చూస్తూ అన్నాడు. "మా ఆవిడ ఆదివారాలు ఇక్కడే టైపు నేర్చుకునేది. వాళ్లక్కకి ఒక ఉత్తరం కొట్టింది. మా ఆవిడ చనిపోయాక అది చూడలేక సున్నాలు నింపాను. ఉండదని తెలిసీ మూడు నెలలు వెతికానండి."

సుందరి కాగితాలు తీసుకుని బయటికొచ్చింది.

ఇప్పుడు సుందరి, పున్నమ్మకి పొట్టివైన గౌన్లు తీసేసినా బీరువాలో ఆ అరలో వెంటనే ఏమీ సర్దదు. ఆ రోజు గుమ్మందాకా వచ్చి ఆయన చెప్పిన మాట ఒకటే: "ఏది తీసేసినా, ఆ చోటు ఒక వారం అట్నే ఉంచండి మేడమ్."