కుందూలో వచ్చిన జ్వరం

మొన్న మా ఊరి బడి పంతులు పాత చావుల లెక్కలోని ఒక కాగితం నకలు పట్టుకుని వచ్చాడు. ఊరి చరిత్ర రాస్తున్నాడట. ఎవరు ఏలారు, ఎవరు ఏం కట్టించారు, ఎవరెవరు ఎట్లా పోయారు, అన్నీ. "అవ్వా, ఈ కాగితం రాసిన ఏడు మనూర్లో జ్వరాలు బాగా వచ్చినాయా?" అన్నాడు. కాగితం లాక్కుని చదివాను. నలభై దాటాక నేర్చిన చదువు నాది, ఒక్కో అక్షరాన్నీ వేలితో తొక్కుకుంటూ పోతాను. పుట్టి నడిపే మామ పేరు, దాని ఎదురుగా "జ్వరం", పక్కన నల్లగా ఒక వేలిముద్ర. ఆ వేలు నాదే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి, నేను చిన్నపిల్లను. రాజధాని వచ్చింది గానీ మా కుందూ ఏటి మీదికి వంతెన రాలేదు. వానాకాలం కోయిలకుంట్ల సంతకు పోవాలంటే మామ పుట్టే దిక్కు. వెదురుతో అల్లి తోలు కప్పిన ఆ బుట్టలో కూర్చుంటే గిరగిరా తిప్పుతుంది. అవతలి గట్టు చేరేలోగా పొద్దున తిన్న సంగటి ఒకసారి పలకరించి పోయేది. ఆయన సాయిబు, మేము కాపులం. అయినా వరసలు కలుపుకున్నాం. ఆయన భార్య మాకు అత్త. వాళ్ళకు పిల్లలు లేరు.

ఆ రోజు నన్ను వెంటబెట్టుకుని సంతకు పోయిన మా జేజి, మా నాయన తల్లి, ఒక మేకను కొన్నది. "దాన్ని కూచోమను పెద్దమ్మా, నిలబడితే పుట్టి తిరగబడతాది" అన్నాడు మామ. "నా మాట మనుషులే వినరు, నువ్వే చెప్పుకోప్పా" అంది జేజి. ఏటి నడుమ మేక బెదిరింది, పుట్టి తిరగబడింది. మామ ముందు నన్ను, తర్వాత జేజిని గట్టుకు ఈడ్చాడు. ఊరుకుంటే సరిపోయేది. మా జేజి "నా మేక, నా మేక" అని రొమ్ము బాదుకుంది. ఆయన మళ్ళీ దూకాడు. మేక తనంతట తానే ఈదుకుని కింది రేవులో గట్టెక్కి గడ్డి మేసింది. మామ గంట తర్వాత కంపచెట్లకు తగులుకుని దొరికాడు.

నీళ్ళలో పోయాడంటే పోలీసులు రావాలి, శవాన్ని కోయిలకుంట్లకు మోయాలి, కోయాలి. అత్త ఏడవలేదు. "కోయనీను. పొద్దుగూకేలోపల మట్టి చేయాల" అన్నది. ఎదురు చెప్పే మొహం మాకు లేదు. జ్వరంతో పోయాడని కబురు పెడితే, ఊరి చావుపుట్టుకలు రాసే మునసబు పుస్తకం చంకన పెట్టుకుని వచ్చాడు.

"జ్వరమొచ్చినోని బట్టలు ఇంత తడిసినాయేంది?"

"చెమట నాయనా. శానా చెమట" అన్నది జేజి.

"నీకూ పట్టినట్టుండాదే" అన్నాడు, నీళ్ళు కారుతున్న ఆమె కొంగు చూసి. అతను ఏటివైపు చూసి, పుస్తకం తెరిచి రాశాడు. సాక్ష్యానికి వేలిముద్ర వేయమంటే జేజి చేతులు కొంగులో దాచుకుంది, నా వేలు అద్దించాడు. పొద్దుండగానే మట్టి అయింది. జేజి ఆ మేకను తీసుకుపోయి అత్త ఇంట్లో కట్టేసింది. మర్నాడు అత్త దాన్ని తోలుకొచ్చి మా గుంజకు కట్టి పోయింది.

పంతులు అంతా విని, "జ్వరమనే ఉండనిస్తాలే అవ్వా. మేక కోసమంటే జనం నవ్వుతారు" అన్నాడు.

"నవ్వనీ. మా మేక కోసం ఏట్లో పోయినాడని రాయి. ఏడిచి పంపింది మా జేజి అని కూడా రాయి" అన్నాను.

అతను రాస్తుంటే పక్కన కూర్చుని ఒక్కో మాటా చదివి చూసుకున్నాను. ఆ అబద్ధం అవసరమైన అత్త, జేజి, మునసబు అందరూ పోయేదాకా నిజం ఆగింది. నేనూ పోయేదాకా ఆగలేదు, అంతవరకు నయం.